ఎయిర్‌పోర్ట్ మెట్రో మీద కాలనీ మీటింగులో మాట్లాడాలంటే: ముందు సూట్‌కేసు పట్టుకోండి

ఒకసారి హైదరాబాద్‌లో మా కర్మన్‌ఘాట్ కాలనీ మీటింగులో నీళ్ళ ట్యాంకు సంగతి మాట్లాడుకుందామని కూర్చుని, గంటన్నర సేపు ఎయిర్‌పోర్ట్ మెట్రో మీద కొట్లాడుకున్నాం. ఒకాయన "కేసీఆర్ వేసిన లైనే మంచిగుండె" అన్నారు. ఇంకొకాయన "అది గచ్చిబౌలోళ్ళ కోసం, మనకేం పని" అన్నారు. మూడో ఆయన మెట్రో వస్తే తన ప్లాటు గజం ఎంత పలుకుతుందో లెక్క చెప్పారు. ట్యాంకు వచ్చే నెలకు వాయిదా పడింది. అంతసేపట్లో ఎవరూ అడగని మాట ఒకటుంది: ఈ రైలు ఎవరు ఎక్కుతారు, ఏ టైముకు, చేతిలో ఏం పట్టుకుని?

నేను 31 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం లోన్ సెక్షన్లోనే. రైస్ మిల్లు పెట్టాలన్నా, కోళ్ళ ఫారం పెట్టాలన్నా ప్రాజెక్ట్ రిపోర్ట్ ముందు నా టేబుల్ మీదికే వచ్చేది. ప్రతి రిపోర్టులో మొదటి ఏడాది నుంచే లాభాలు. ఒక్కోదాంట్లో చివరి పేజీలకొచ్చేసరికి షెడ్డులో ఉన్న కోళ్ళు పెట్టగలిగిన దానికంటే అమ్మే గుడ్లు ఎక్కువుండేవి. మెట్రో వాళ్ళు తయారుచేసే డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) కూడా నా కళ్ళకు అలాంటి అప్పు కాగితమే, కాకపోతే చాలా పెద్దది. కాబట్టి చదివే పద్ధతీ అదే. ఆ పద్ధతి మీటింగులో నలుగురికి చెప్తే "రాసివ్వు అక్కా" అన్నారు. ఇది అదే.

ఏ లైను గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోండి

సగం గొడవలు ఇక్కడే. ఒకరు ఒక లైను మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటే, ఎదుటివాళ్ళు ఇంకో లైనుకు జవాబిస్తుంటారు. అందుకే ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసుకోండి.

మొదటిది. 2022 డిసెంబర్ 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేసిన ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో. రాయదుర్గం దగ్గర మైండ్‌స్పేస్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు పక్కగా శంషాబాద్ దాకా 31 కిలోమీటర్లు, అంచనా 6,250 కోట్లు. మరుసటి డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, రేవంత్ రెడ్డి గారు రాగానే దాన్ని ఆపేశారు. ఔటర్ మీద ఇప్పటికే పెద్ద రోడ్డుంది, అటువైపు వాళ్ళకు కార్లున్నాయి, పాతబస్తీకీ తూర్పు వైపుకూ లైను రావాలన్నది ఆయన వాదన.

రెండోది. ఆ తర్వాత వచ్చిన నాగోలు లైను. నాగోలు, ఎల్బీనగర్, కర్మన్‌ఘాట్, ఒవైసీ హాస్పిటల్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్, శంషాబాద్ మీదుగా 36.8 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. ఎయిర్‌పోర్ట్ దగ్గర 1.6 కిలోమీటర్లు భూమి లోపల. ఇది విడిగా లేదు. పాతబస్తీ, కోకాపేట, పటాన్‌చెరు, హయత్‌నగర్ లైన్లతో కలిపి, మెట్రో రెండో దశ పేరుతో మొత్తం 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. రాష్ట్ర కేబినెట్ 2024 అక్టోబర్‌లో ఒప్పుకుంది, నవంబర్‌లో డీపీఆర్‌లు కేంద్రానికి పంపారు.

మూడోది అందరూ మర్చిపోయేది, ఎంఎంటీఎస్ లోకల్ రైలు. దాని రెండో దశ ప్లానులో ఫలక్‌నుమా నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా లైనుండేది. ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ వరకు 14 కిలోమీటర్లు పూర్తయి 2023 ఏప్రిల్‌లో బండ్లు మొదలయ్యాయి. అక్కడినుంచి టెర్మినల్ దాకా మిగిలిన సుమారు 6 కిలోమీటర్లు పడలేదు. నేనొకసారి పనిగట్టుకుని ఉందానగర్ దాకా వెళ్ళి దిగాను. విమానాలు నెత్తిమీద నుంచే పోతున్నాయి. నేను మాత్రం ఆటో కోసం చూస్తూ నిలబడ్డాను.

ఇక్కడ బ్యాంకు మాట ఒకటి. శంకుస్థాపన రాయికి, మంజూరు పత్రానికి, డబ్బు చేతికి రావడానికి మధ్య చాలా దూరం ఉంటుంది. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి ఫలక్‌నుమా వరకు ఐదున్నర కిలోమీటర్లు మెట్రో మొదటి దశ ప్లానులోనే ఉండేవి. 2020 ఫిబ్రవరి నాటికి మూడు లైన్లలోనూ మిగతా దారంతా రైళ్ళు తిరుగుతున్నాయి, ఆ ముక్క మాత్రం నేల మీదికి రాలేదు. 2024 మార్చి 8న అదే దారికి ఇంకో ముఖ్యమంత్రి ఇంకో రాయి వేశారు. కాబట్టి మీటింగులో ఎవరైనా "వచ్చేసింది" అంటే, ఏ మెట్టు మీద ఉందని అడగండి: రాష్ట్రం ఒప్పుకుందా, కేంద్రం ఒప్పుకుందా, అప్పు ఖాయమైందా, టెండర్ అయిందా? తేదీ చెప్పలేకపోతే ఆ మెట్టు ఇంకా ఎక్కనట్టే అనుకోండి.

సూట్‌కేసు పరీక్ష

నాకు తెలిసి దీనికంటే మంచి పరీక్ష లేదు, చదువుతో కూడా పనిలేదు. మీ ఇంట్లో రెండు పెద్ద సూట్‌కేసులు తీయండి. అమెరికా వెళ్ళేవాళ్ళకు ఒక్కోటి 23 కిలోలు. ఊరగాయ సీసాలు సర్దినాక అది 24 అవుతుంది, అది వేరే సంగతి. వాటితో మీ గుమ్మం నుంచి టెర్మినల్ గేటు దాకా మనసులోనే నడవండి. ఎన్ని మెట్లు, ఎన్ని లిఫ్టులు, ఎన్నిసార్లు రైలు మారాలి, లెక్కపెట్టండి.

నాగోలు లైను ప్లాను ప్రకారం నేను వేసిన లెక్క ఇది. కర్మన్‌ఘాట్‌లో ఎక్కితే ఒక్కసారి కూడా మారక్కర్లేదు, మా అదృష్టం. సికింద్రాబాద్ జేబీఎస్ నుంచైతే పాతబస్తీ లైను కూడా పూర్తయ్యాక చాంద్రాయణగుట్టలో ఒకసారి మారాలి. మియాపూర్ నుంచైతే ఎల్బీనగర్‌లో ఒకసారి. రాయదుర్గం నుంచైతే నాగోలు దాకా ఊరంతా చుట్టి రావాలి, లేదంటే అమీర్‌పేట, ఎంజీబీఎస్, చాంద్రాయణగుట్ట, మూడుసార్లు మారాలి. అమీర్‌పేటలో సాయంత్రం ఆరు గంటలకు చేతి సంచితో మారడమే యుద్ధం. రెండు సూట్‌కేసులతో, పక్కన మోకాళ్ళ నొప్పుల అమ్మతో మూడుసార్లు మారేవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చూపించండి. రాయదుర్గం వాళ్ళు క్యాబే ఎక్కుతారు. మొదటి లైను రద్దయిందని పడమటి వైపు వాళ్ళు బాధపడితే అందులో న్యాయం ఉంది, ఎగతాళి చేయకండి.

ఇప్పుడు టైము. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ 29 కిలోమీటర్లు, దాదాపు 50 నిమిషాలు పడుతుంది. అదే వేగమైతే 36.8 కిలోమీటర్లకు గంట దాటుతుంది. ఇది నా లెక్క, డీపీఆర్‌ది కాదు. కానీ 24 చోట్ల ఆగే బండి ఎక్స్‌ప్రెస్ ఎలా అవుతుంది? ఔటర్ లైనుకు స్టేషన్లు తక్కువ, వేగం ఎక్కువ, ఎక్కడ కావాలంటే అక్కడ ఎక్కే వీలు లేదు. ఈ రెండిట్లో ఏది మంచిదని అడిగితే తేలదు. మీకు ఏది కావాలో ముందు చెప్పండి: తొందరగా చేరడమా, దారిలో ఉన్నవాళ్ళందరూ ఎక్కడమా? రెండూ ఒకే లైనులో దొరుకుతాయని ఎవరైనా అంటే ఆ రిపోర్టులో కోళ్ళు లెక్కపెట్టాల్సిందే.

గడియారం చూడండి

నేను మీటింగులో ఇంకో పని చేశాను, మీరూ చేయండి, పది నిమిషాలు చాలు. చార్టు మీద ఇరవైనాలుగు గంటలు గీసి, "ఆఖరిసారి ఎయిర్‌పోర్టుకు ఏ టైముకు పోయారు?" అని అడిగి ఒక్కొక్కరితో చుక్క పెట్టించాను. సగానికి పైగా చుక్కలు రాత్రి పదకొండుకూ తెల్లవారుజాము ఆరుకూ మధ్య పడ్డాయి. మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చిన ప్రతిసారీ దిగింది కోడి కూయకముందే. గల్ఫ్ బండ్లూ అంతే, అర్ధరాత్రి దాటాకే.

మన మెట్రో ఉదయం ఆరుకు మొదలై రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగిపోతుంది. రాత్రిపూట పట్టాల మరమ్మతులకు టైము కావాలి, అది నిజమైన కారణమే. అయితే "ఎయిర్‌పోర్ట్ మెట్రో" అని పేరు పెట్టినప్పుడు ఆ గంటల్లో ఏం చేస్తారో చెప్పాలి కదా? తెల్లవారుజామున నాలుగుకే మొదటి బండి వేస్తారా? లేక రాత్రికి పుష్పక్ ఎయిర్‌పోర్ట్ బస్సులు పెంచుతారా? ఈ ప్రశ్నకు ఖర్చు లేదు, పార్టీ లేదు. మా మీటింగులో రెండు వర్గాలూ తలూపింది దీనికొక్కదానికే.

విమానం ఎక్కేవాళ్ళతో బండి నిండదు

ఇది నాకు కూడా మొదట తెలియదు. కూర్చుని భాగహారం వేస్తే తెలిసింది. 2023-24లో శంషాబాద్ నుంచి రాకపోకలు సాగించినవాళ్ళు సుమారు 2.5 కోట్ల మంది. రోజుకు 68 వేలు, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ కలిపి. అందులో ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కేవాళ్ళున్నారు, వరంగల్ నుంచో కర్నూలు నుంచో నేరుగా కారులో వచ్చేవాళ్ళున్నారు, అర్ధరాత్రి వాళ్ళున్నారు. మిగిలినవాళ్ళలో కొంతమందికి మెట్రో పనికొస్తుంది. పెద్ద మనసు చేసుకుని మొత్తంలో ఐదో వంతు ఎక్కుతారనుకుందాం. రోజుకు పదమూడు, పద్నాలుగు వేలు.

మన మెట్రో మొదటి దశలో రోజుకు నాలుగున్నర లక్షల మంది దాకా ఎక్కుతారు. దాని పక్కన పద్నాలుగు వేలు ఎంత? ఎయిర్‌పోర్ట్ పేరు చెప్పి లైను అడగొచ్చు గానీ, లైను నడిచేది మాత్రం మధ్యలో ఎక్కి మధ్యలో దిగేవాళ్ళ వల్ల. మా పక్కింటి అమ్మాయి టెర్మినల్లో పనిచేస్తుంది. నేను ఏడాదికి రెండుసార్లు ఎయిర్‌పోర్టుకు పోతే, ఆమె రోజుకు రెండుసార్లు ఆ దారిన పోయొస్తుంది. కార్గోలో, క్యాంటీన్లలో, పార్కింగ్‌లో పనిచేసేవాళ్ళు ఎంతమందో అలా! డ్యూటీ దిగితే ఏ బస్సు దొరుకుతుందా అని చూస్తుంటారు. కాటేదాన్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ ఉద్యోగులు, ఒవైసీ హాస్పిటల్‌కు పోయే రోగులు, నాగోలు లైను నిజంగా వీళ్ళది. నన్నడిగితే ఆ లైను మంచిదే, దానికి పెట్టిన పేరే తప్పు. ఎయిర్‌పోర్ట్ అని పేరు పెట్టాక అందరూ దాన్ని ఎయిర్‌పోర్ట్ తక్కెడలోనే తూస్తారు. అప్పుడది ఓడిపోతుంది.

చెన్నైలో 2016 సెప్టెంబర్‌లో మెట్రో ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చింది. ప్రత్యేక ఎక్స్‌ప్రెస్ కాదు, మామూలు లైనుకు ఎయిర్‌పోర్ట్ ఒక స్టేషన్, అంతే. దానికి ముందు నుంచే రోడ్డు దాటితే తిరుసూలం లోకల్ స్టేషన్ ఉంది. బెంగళూరులో 2021 జనవరిలో ఎయిర్‌పోర్ట్ దగ్గర చిన్న హాల్ట్ స్టేషన్ తెరిచారు. స్టేషన్ కట్టడం సులువైన పనే, కానీ టెర్మినల్ అక్కడికి మూడున్నర కిలోమీటర్లు, రోజుకు ఆగే బండ్లు కొన్నే. ఉందానగర్ దగ్గర ఆటో కోసం చూసినప్పుడు నాకు ఆ హాల్టే గుర్తొచ్చింది.

కిలోమీటరుకు ఎంత, అని అడిగేవాళ్ళతో జాగ్రత్త

మా మీటింగులో ఒక కుర్రాడు ఫోన్‌లో లెక్కేసి చూపించాడు. మొదటి లైను 6,250 కోట్లు, 31 కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకు దాదాపు 202 కోట్లు. రెండో దశ 24,269 కోట్లు, 76.4 కిలోమీటర్లు, కిలోమీటరుకు 318 కోట్లు. "చూడండాంటీ, ఒకటిన్నర రెట్లు!" లెక్క తప్పు లేదు. పోలిక తప్పు.

మొదటిది ఎక్కువగా ఔటర్ పక్కన ఉన్న జాగాలో, తక్కువ స్టేషన్లతో పోయే లైను. రెండోదాంట్లో పాతబస్తీ ఇరుకు రోడ్ల మీద ఇళ్ళు కొని, కూల్చి కట్టే ముక్కలున్నాయి, స్టేషన్లు ఎక్కువ, భూగర్భం ఉంది, పైగా ఐదు లైన్ల మొత్తం. రెండు అంచనాలు వేసిన కాలం కూడా వేరు. కొబ్బరికాయ ధరకూ కొబ్బరినూనె ధరకూ పోటీ పెట్టినట్టు. పోల్చాలంటే ఒకే లైనుకు రెండు అంచనాలు కావాలి. లేదా ఒకే ప్రయాణికుణ్ణి రెండు దారుల్లో పంపడానికి అయ్యే ఖర్చు కావాలి. ఆ రెండోది ఎక్కడ దొరుకుతుందో కిందకొచ్చాక చెప్తాను.

నష్టమొస్తే ఎవరు కడతారు

అప్పు కాగితంలో నేను ముందు చూసేది హామీదారు పేరు. రెండో దశ లెక్కలో రాష్ట్రం 30 శాతం, 7,313 కోట్లు. కేంద్రం 18 శాతం, 4,230 కోట్లు. జపాన్ జైకా, ఆసియా అభివృద్ధి బ్యాంకు లాంటి సంస్థల అప్పు 48 శాతం, 11,693 కోట్లు. మిగిలిన 4 శాతం, 1,033 కోట్లు ప్రైవేటు భాగస్వామ్యం. అప్పు పదకొండున్నర వేల కోట్ల పైమాటే. బండి ఖాళీగా తిరిగినా కిస్తీ ఆగదు.

మొదటి దశ ఎల్ అండ్ టీ చేతిలో నడిచిన ప్రైవేటు భాగస్వామ్యం. నష్టాలొస్తున్నాయని కంపెనీ చాలాకాలంగా చెప్తూ వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో ఆ మెట్రోను రాష్ట్రమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది: సుమారు 13,000 కోట్ల అప్పు నెత్తినేసుకుని, వాటా కింద 2,000 కోట్లు ఇవ్వడం. అదే ఏడాది మేలో టికెట్ పెంచి, గోల అయ్యాక కొంచెం తగ్గించి, కనీసం 11, గరిష్ఠం 69 రూపాయలు చేశారు. చదవబోయే కొత్త ఫైలుకు ఈ పాత ఫైలు పిన్ చేసి పెట్టుకోండి.

ఢిల్లీది ఇంకా పాఠం. అక్కడి ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ 22.7 కిలోమీటర్లు, 2011 ఫిబ్రవరిలో మొదలైంది, నడిపింది ప్రైవేటు సంస్థ. 2012 జులైలో కట్టడంలో లోపాలున్నాయని ఆపారు, 2013 జనవరిలో మళ్ళీ నడిపారు, ఆ ఏడాది మధ్యలో సంస్థ తప్పుకుంది, ఢిల్లీ మెట్రో తీసుకుంది. టికెట్ తగ్గించాకే జనం పెరిగారు. డబ్బు తగాదా మాత్రం రైలు కంటే దూరం పోయింది. 2017లో మధ్యవర్తుల తీర్పు సంస్థకు అనుకూలంగా వచ్చింది, 2021లో సుప్రీంకోర్టు సమర్థించింది, 2024 ఏప్రిల్ 10న అదే సుప్రీంకోర్టు క్యూరేటివ్ పిటిషన్ (తీర్పు సరిదిద్దమని వేసే ఆఖరి పిటిషన్) మీద ఆ మధ్యవర్తుల తీర్పును కొట్టేసింది. కాబట్టి ప్రైవేటు వాళ్ళు పెడుతున్నారు, మనకేం పోతుంది అనే మాట మీటింగులో వినిపిస్తే ఢిల్లీ ముచ్చట చెప్పండి.

కాగితం తెప్పించండి

ఇప్పటిదాకా చెప్పింది పేపర్లో వచ్చిన అంకెలతో. అసలు కాగితం కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయలు ఫీజు, తెల్ల రేషన్ కార్డు వాళ్ళకు అదీ లేదు.

మంచి సంగతేమిటంటే ఏం అడగాలో 2017 మెట్రో రైలు విధానమే చెప్తుంది. కేంద్రం డబ్బు కావాలంటే నగరానికి సమగ్ర రవాణా ప్రణాళిక ఉండాలి. మెట్రో ఒక్కటే కాకుండా బస్సు దారి, ట్రామ్, లోకల్ రైలు లాంటి ఇతర మార్గాలతో పోల్చి చూపించాలి. దీన్ని ప్రత్యామ్నాయాల విశ్లేషణ అంటారు. నేను పైన అన్న అసలు పోలిక ఉండాల్సింది ఇందులోనే. దాంతోపాటు ఆర్థిక రాబడి రేటు 14 శాతం చూపించాలి. ఈ 14 శాతం దగ్గర తికమక పడకండి. ఇది టికెట్ల మీద వచ్చే లాభం కాదు. మనకు మిగిలే టైము, కాలని పెట్రోలు, తగ్గే పొగ, ఇవన్నీ రూపాయల్లోకి మార్చి కలుపుతారు. అందుకే మన గంటకు ఎంత విలువ కట్టారో అడగాలి. నా గంటకు ఎంతేశారో చూడాలని నాకు భలే కుతూహలం.

దరఖాస్తు పొడుగ్గా రాయకండి. నేను రాసింది దాదాపు ఇలా ఉంది:

"పౌర సమాచార అధికారి గారికి. నాగోలు నుంచి శంషాబాద్ విమానాశ్రయం వరకు ప్రతిపాదించిన మెట్రో కారిడార్‌కు సంబంధించి కింది కాగితాల నకళ్ళు ఇవ్వగలరు. 1) ప్రత్యామ్నాయాల విశ్లేషణ నివేదిక. 2) డీపీఆర్‌లో ప్రయాణికుల అంచనా అధ్యాయం, స్టేషన్ వారీగా, గంటల వారీగా. 3) విమాన ప్రయాణికులు, విమానాశ్రయ ఉద్యోగులు, ఇతరులు అని విడదీసిన అంచనా ఉంటే అది. 4) ప్రతిపాదిత మొదటి, చివరి రైలు వేళలు. 5) ఆర్థిక రాబడి రేటు లెక్కలో ప్రయాణికుడి సమయానికి కట్టిన విలువ."

"ఎందుకు చేశారు", "సరైనదేనా" అని అడగకండి. అలాంటి వాటికి జవాబివ్వక్కర్లేదని వెనక్కి పంపుతారు. కాగితం పేరు చెప్పి కాగితం అడగండి. ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడు సంబంధిత వివరాలు అడక్కముందే బయటపెట్టాలని చట్టంలో సెక్షన్ 4(1)(సి) ఉంది, దాన్ని చివర ఒక లైను రాయండి. నా మొదటి దరఖాస్తుకు ఒక ఆఫీసు నుంచి ఒంటి లైను జవాబొచ్చింది, "విషయం పరిశీలనలో ఉంది" అని. లోన్ సెక్షన్లో నేనూ ఎంతమందికో ఆ మాటే చెప్పాను, కర్మ ఫలం! కానీ పరిశీలనలో ఉన్నదని కాగితం లేకుండా పోదు కదా.

ఇల్లు పోయేవాళ్ళ దగ్గర గొంతు తగ్గించండి

పాతబస్తీ లైనులో వందల ఆస్తులు పోతున్నాయి. నష్టపరిహారం గజానికి 81,000 రూపాయలు కట్టారు. చార్మినార్ లాంటి పాత కట్టడాలకు ఏమవుతుందోనని హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం పడింది. ఇవి మన కాలనీకి పై మాటలుగా కనిపిస్తాయి, కానీ చాంద్రాయణగుట్టలో వాళ్ళ లైనూ మన లైనూ కలుస్తున్నాయి. అది లేకుండా జేబీఎస్ వాళ్ళకు ఎయిర్‌పోర్ట్‌కు దగ్గరి దారి లేదు.

మీ వీధిలో ఎవరికైనా నోటీసు వస్తే తేదీ చూడండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల లోపు అభ్యంతరం రాసి ఇవ్వాలి. మీటింగులో అరిస్తే అది అభ్యంతరం కింద లెక్కకు రాదు. కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కిరాయికి దుకాణం నడిపేవాళ్ళ సంగతి చాలామంది మర్చిపోతారు. పరిహారం గజాల లెక్కన ఇంటాయనకు వస్తుంది, ఇరవై ఏళ్ళుగా అక్కడ కుట్టుమిషన్ పెట్టుకున్నవాడికి గిరాకీ పోతుంది. అభ్యంతరంలో వాళ్ళ పేరు, ఎన్నేళ్ళ నుంచి ఉన్నారో రాయించండి. కిరాయి రసీదులు, కరెంటు బిల్లులు జత చేయించండి.

మీటింగు రోజు

ముందు చుక్కల చార్టు పెట్టండి. మాట్లాడటం తర్వాత. చుక్క పెట్టినవాడికి పార్టీ గుర్తు రాదు, తన అర్ధరాత్రి క్యాబ్ బిల్లు గుర్తొస్తుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇవ్వండి, గడియారం పట్టుకునే పని పదో తరగతి పిల్లకు అప్పజెప్పండి. పిల్లలు మొహమాటం లేకుండా ఆపేస్తారు. కేసీఆర్ లైను, రేవంత్ లైను అనే మాటలు నిషేధించి "ఔటర్ లైను", "నాగోలు లైను" అనమనండి. మా దగ్గర ఈ చిన్న మార్పుతోనే సగం వేడి తగ్గింది. ఆటో నడిపే ఒకతన్ని కూడా పిలిచాను. "మేడం, మెట్రో వస్తే ఎయిర్‌పోర్ట్ కిరాయి పోతది. కానీ స్టేషన్ కాడికి దింపే కిరాయిలు పది వస్తయి, స్టేషన్ కాడ నిలబడనిస్తరా లేదా, అది అడుగుండ్రి" అన్నాడు. డీపీఆర్‌లో ఆటో స్టాండుకు జాగా చూపించారా అన్నది నా దరఖాస్తులో ఆరో ప్రశ్నగా చేరింది.

పోస్టులో పంపితే స్పీడ్ పోస్టే చేయండి, రసీదు ఫైలుకు పిన్ చేయండి, తేదీ క్యాలెండర్ మీద రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇంకో ముప్పై రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. నాది ఇప్పుడు మొదటి అప్పీలు దగ్గరుంది. నీళ్ళ ట్యాంకు ఎజెండాలో మళ్ళీ మొదటి అంశంగా పెట్టాం.